సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా, దాని అతిథి కండక్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ముంబైలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే పెద్ద బృందం సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. దాని సీజన్ ప్రకటన వచ్చినప్పుడల్లా తెలుగు స్నేహితులు అవే ప్రశ్నలు అడుగుతుంటారు. సగం టికెట్ల గురించి, సగం వేదిక మధ్యలో నిలబడి చేతులూపే మనిషి, అంటే కండక్టర్ గురించి. ఇక్కడ రెండో సగానికే ఎక్కువ చోటిచ్చాను. ఆ మనిషి పని చాలావరకు మనం హాల్లోకి రాకముందే అయిపోతుంది. అదేమిటో తెలిస్తే కచేరీ వినే తీరు మారుతుంది.

ఈ ఆర్కెస్ట్రా ఎక్కడిది? ఎప్పుడు పెట్టారు?

ముంబై నారిమన్ పాయింట్ చివర, సముద్రం ఒడ్డున నేషనల్ సెంటర్ ఫర్ ది పర్ఫార్మింగ్ ఆర్ట్స్ ఉంది. అందరూ ఎన్‌సీపీఏ అంటారు. ఈ ఆర్కెస్ట్రా ఇల్లు అదే. ఎన్‌సీపీఏను నడిపిన ఖుష్రూ సంటూక్, కజకిస్థాన్ వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెన్‌గలియెవ్ కలిసి 2006లో దీన్ని మొదలుపెట్టారు. బిసెన్‌గలియెవ్ అప్పటికే తన దేశంలో ఒక ఆర్కెస్ట్రాను నిలబెట్టారు. సంటూక్ లండన్‌లో ఆ బృందం వాయిస్తుండగా విని, మన దేశంలోనూ ఇలాంటిది సాధ్యమేనా అని ఆయన్ని కదిలించారు. కథ అక్కడ మొదలైంది.

పేరులో ఇండియా ఉంది కదా, ప్రభుత్వానిదా?

కాదు. ఎన్‌సీపీఏ ఒక స్వతంత్ర సంస్థ. 1969లో జేఆర్‌డీ టాటా, జంషెడ్ భాభా దాన్ని స్థాపించారు. ఆర్కెస్ట్రా ఖర్చంతా ఆ సంస్థ, దాతలు, స్పాన్సర్లు కలిసి మోస్తారు. జాతీయ స్థాయిలో వృత్తిగా నడుస్తున్న సింఫనీ ఆర్కెస్ట్రా మన దేశంలో ఇదొక్కటే కాబట్టి ఆ పేరు బాగానే అతికింది.

వాయించేవాళ్లంతా భారతీయులేనా?

కాదు. దీని మీద విమర్శ కూడా ఉంది. ముంబైలోనే ఉండి ఏడాది పొడవునా వాయించే బృందం చిన్నది. అందులో భారతీయులు ఉన్నారు, బయటి దేశాలవాళ్లూ ఉన్నారు. సీజన్ వచ్చేసరికి కజకిస్థాన్ నుంచి, యూరప్ నుంచి మరికొందరు వచ్చి చేరతారు. అప్పుడే పెద్ద సింఫనీకి, అంటే ఇలాంటి బృందం కోసం రాసిన పలు భాగాల రచనకు, కావలసిన సంఖ్య పూర్తవుతుంది.

విమర్శించేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. కానీ హార్న్ అనే ఇత్తడి వాద్యాన్ని బాగా ఊదే ఒక మనిషి తయారు కావాలంటే పదేళ్ల వయసు నుంచి గురువు, వాద్యం, కలిసి వాయించేందుకు తోటివాళ్లు ఉండాలి. మనకు వయొలిన్ గురువులు దొరుకుతారు. ఓబో, బసూన్ లాంటి ఊదే వాద్యాలు నేర్పేవాళ్లు ఎక్కడున్నారు? అందుకే ఎన్‌సీపీఏ పిల్లలకోసం సొంత సంగీత అకాడమీ పెట్టింది. దాని ఫలితం తెలియడానికి ఒక తరం పడుతుంది. ఈలోగా బయటివాళ్లు రాకపోతే కచేరీలే ఉండవు.

అతిథి కండక్టర్ అంటే ఎవరు? సొంత కండక్టర్ ఉండరా?

ఆర్కెస్ట్రాకు ఒక మ్యూజిక్ డైరెక్టరో, చీఫ్ కండక్టరో ఉంటారు. కొత్త వాద్యకారుల ఎంపిక, ఏడాదికి ఏయే రచనలు వాయించాలి, బృందం ధ్వని ఎలా ఉండాలి, ఇవన్నీ వారు చూసుకుంటారు. అతిథి కండక్టర్ ఒక కార్యక్రమం కోసమో, రెండు వారాల కోసమో వస్తారు. వాయింపజేసి వెళ్లిపోతారు. ప్రపంచంలో ప్రతి పెద్ద ఆర్కెస్ట్రాకూ ఇదే పద్ధతి. ఏడాదంతా ఒకే మనిషి ముందు వాయిస్తే బృందం అలవాటులో పడిపోతుంది.

నిజం చెప్పండి, కర్ర ఊపడం తప్ప కండక్టర్ చేసేదేమిటి?

అందరూ అడిగే ప్రశ్న ఇది. జర్మన్ స్వరకర్త బీతోవెన్ ఐదో సింఫనీ మొదలును తీసుకుందాం. మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం. సంగీతం తెలియనివాళ్లు కూడా గుర్తుపట్టే నాలుగు స్వరాలవి. అయితే కాగితం మీద చూస్తే మొదట ఉన్నది స్వరం కాదు, చిన్న మౌనం. అంటే కండక్టర్ చెయ్యి కిందికి దిగిన క్షణంలో శబ్దం రాకూడదు. దిగిన వెంటనే, రెప్పపాటులో, తీగవాద్యాలు, క్లారినెట్లు ఒక్కసారే రావాలి. ముందుగా తాళం లేదు, ఎత్తుగడ లేదు. యాభై మందికి పైగా మనుషులకు ఆ వేగం ఎలా తెలుస్తుంది? చెయ్యి పైకి లేచిన తీరులో తెలియాలి. చెయ్యి ఎంత చురుగ్గా లేచిందో అది వేగం. ఎంత బరువుగా లేచిందో అది శబ్దం బలం. కండక్టర్ ఊపిరి తీసుకోవడం కూడా అందులో భాగమే.

ఇంకా ఉంది. ఆ నాలుగో స్వరం మీద, మళ్లీ వచ్చినప్పుడు కూడా, ఆపి పట్టుకోమని ఒక గుర్తు ఉంటుంది. ఎంతసేపో రాసి లేదు. బీతోవెన్ వేగానికి అంకె మాత్రం ఇచ్చాడు, నిమిషానికి 108 దెబ్బలు. ఆ వేగం మరీ ఎక్కువని దాన్ని పక్కన పెట్టినవాళ్లు ఉన్నారు, అక్షరాలా పాటించినవాళ్లూ ఉన్నారు. రచన ఒకటే, కాగితం ఒకటే, అయినా ఒకరి చేతిలో అది విధి తలుపు తట్టినట్టు గంభీరంగా ఉంటుంది, మరొకరి చేతిలో కోపంగా పరుగెడుతుంది. ఏది సరైనదని వాద్యకారులు కూర్చుని ఓట్లు వేసుకోలేరు. ఎవరో ఒకరు తేల్చాలి. కండక్టర్ ఉన్నది అందుకు.

మరో విషయం. కండక్టర్ చెయ్యి ఎప్పుడూ శబ్దం కంటే కాస్త ముందుంటుంది. మీరు వింటున్న స్వరానికి ఆయన సంకేతం ఇచ్చేసి, రాబోయేదాని మీదికి వెళ్లిపోయి ఉంటారు. అందుకే చేతికీ శబ్దానికీ పొసగడం లేదేమిటని మొదటిసారి చూసేవాళ్లకు అనిపిస్తుంది. కుడిచేయి ఎక్కువగా కాలాన్ని చూపుతుంది. ఎడమచేయి పెంచు, తగ్గించు, ఇప్పుడు నువ్వు రా అని చెబుతుంది. కళ్లు చేసే పని ఈ రెంటికంటే ఎక్కువ. అది చూడాలంటే మాత్రం మీరు ఆర్కెస్ట్రా వెనక కూర్చోవాలి!

కండక్టర్ లేకుండా వాయించలేరా?

వాయించగలరు. న్యూయార్క్‌లో ఆర్ఫియస్ అనే బృందం 1972 నుంచి కండక్టర్ లేకుండానే నడుస్తోంది. విప్లవం తర్వాత మాస్కోలో పెర్సిమ్‌ఫాన్స్ అనే పెద్ద ఆర్కెస్ట్రా 1922లో మొదలై పదేళ్లు అలాగే వాయించింది. యజమాని లేని సమాజం ఎలా ఉంటుందో వేదిక మీద చూపాలన్నది వాళ్ల ఉద్దేశం. చిక్కల్లా రిహార్సల్ టైముతో. ఒకరు నిమిషంలో తేల్చే సంగతిని అందరూ చర్చించి తేల్చాలంటే రోజులు పడతాయి. మొజార్ట్ కాలపు చిన్న బృందాలకు అది కుదురుతుంది. వంద మంది దాకా వాయించే మాలర్ సింఫనీకి కుదరదు.

కొత్త కండక్టర్ వచ్చి కొద్ది రోజుల్లో అంతమందిని ఎలా దారికి తెస్తారు?

సాధారణంగా మూడు నుంచి ఐదు రిహార్సళ్లు దొరుకుతాయి. ఒక్కోటి రెండున్నర, మూడు గంటలు, మధ్యలో టీ విరామం. అంతే.

అనుభవం ఉన్న వాద్యకారులు మొదటి పది నిమిషాల్లోనే కొత్త మనిషిని తూచేస్తారు. ఈయనకు రచన తెలుసా? వింటున్నాడా? టైము వృథా చేస్తాడా? తెలివైన అతిథులు ఉపన్యాసం ఇవ్వరు. నమస్కారం పెట్టి, రచన మొదటినుంచి చివరిదాకా ఓసారి వాయింపజేస్తారు. దాంతో బృందానికి ఏది అలవాటో, ఎక్కడ తడబడుతుందో తెలిసిపోతుంది. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా పని. ‘రెండో వయొలిన్లు, బార్ 64 నుంచి. ట్రంపెట్లు, ఇంకాస్త తగ్గండి, చెల్లో వినబడటం లేదు.’ (బార్ అంటే కాగితం మీద తాళం ఒక ఆవర్తం లాంటి కొలత.) మాటలు ఇంత పొడిగా ఉంటాయి. కవిత్వం చెప్పే కండక్టర్లూ ఉంటారు కానీ, వాద్యకారులు అలాంటివాళ్లను అంతగా ఇష్టపడరు.

తెరవెనక జరిగే ఇంకో పని చాలామందికి తెలియదు. తీగవాద్యాల కాగితాల మీద కమాను పైకా కిందికా అని పెన్సిల్‌తో గుర్తులు పెడతారు. కమాను ఏ వైపు వెళ్తుందన్న దాన్నిబట్టి స్వరం బరువు మారుతుంది. కొందరు అతిథి కండక్టర్లు తాము గుర్తులు పెట్టించుకున్న కాగితాలనే వెంట తెస్తారు. లేకపోతే మొదటి వయొలిన్ల నాయకుడు, అంటే కాన్సర్ట్ మాస్టర్, కండక్టర్ కోరిన ధ్వనికి ఏ కమాను నప్పుతుందో తేలుస్తారు. కచేరీ మొదట్లో, చివర్లో కండక్టర్ ఆయన చేతిని కలిపేది మర్యాదకే కాదు. వారం మొత్తం బరువు మోసిన రెండో మనిషి ఆయనే.

ముంబైలో ఈ పని ఇంకాస్త కష్టం. సీజన్ కోసం కొందరు అప్పుడే విమానం దిగి ఉంటారు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వేర్వేరు దేశాల్లో, వేర్వేరు బాణీల్లో నేర్చుకుని ఉంటారు. అతిథి ముందు వాళ్లను ఒక బృందంగా చేసి, ఆ తర్వాత వాయింపజేయాలి. అందుకే ఇక్కడికి వచ్చిన కండక్టర్ మంచివారో కాదో తేల్చడానికి నేను పెద్దగా మోగే చోట్లు చూడను. తీగవాద్యాలన్నీ మెల్లగా వాయించే చోటు వింటాను. అరవై మంది కలిసి గుసగుసలాడితే ఒక్క గొంతులా వినిపించిందంటే ఆ వారం రిహార్సల్ బాగా జరిగినట్టే.

జుబిన్ మెహతాకూ ఈ ఆర్కెస్ట్రాకూ సంబంధమేమిటి?

ప్రపంచ ప్రసిద్ధ కండక్టర్ జుబిన్ మెహతా పుట్టింది బొంబాయిలోనే, 1936 ఏప్రిల్ 29న. తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, 1935లో బాంబే సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. కొడుకు వైద్యం చదవడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి 1954లో వియన్నా వెళ్లి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర కండక్టింగ్ నేర్చుకున్నారు. 1958లో లివర్‌పూల్ పోటీలో గెలిచారు.

ఆ తర్వాతిదంతా అతిథి కండక్టర్ కథే. 1960లో మాంట్రియల్‌లో ఇగోర్ మార్కెవిచ్ రాలేకపోతే ఆయన బదులు మెహతా నిలబడ్డారు. ఆ ఆర్కెస్ట్రా ఆయన్నే మ్యూజిక్ డైరెక్టర్‌గా పెట్టుకుంది. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో ఫ్రిట్జ్ రైనర్ బదులు అక్కడి ఆర్కెస్ట్రాను నడిపించారు. అక్కడి పెద్దలకు ఎంత నచ్చారంటే, అప్పటికే మ్యూజిక్ డైరెక్టర్‌గా ఎంపికైన గేయోర్గ్ షోల్టీతో మాట మాత్రం చెప్పకుండా మెహతాకు అసిస్టెంట్ కండక్టర్ పదవి ఇచ్చేశారు. షోల్టీకి కోపం వచ్చి తప్పుకున్నారు. 1962లో ఆ కుర్చీ మెహతాకే దక్కింది. అప్పటికి ఆయన వయసు 26. అక్కడ 1978 వరకు, ఆ తర్వాత న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో 1991 వరకు ఉన్నారు. ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్‌తో ఆయన అనుబంధం 2019లో పదవి విడిచేదాకా సాగింది. మన ప్రభుత్వం 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ ఇచ్చింది.

స్వస్థలానికి ఆయన చాలాసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ వెంట విదేశీ ఆర్కెస్ట్రానే ఉండేది. 2013 సెప్టెంబరులో శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో ఆయన చేసిన కచేరీకి కూడా జర్మనీలోని బవేరియా ఆర్కెస్ట్రాయే వచ్చింది. 2023 ఆగస్టులో మాత్రం, 87 ఏళ్ల వయసులో, ఎన్‌సీపీఏలోని జంషెడ్ భాభా థియేటర్‌లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాను నడిపించారు. భారతీయ ఆర్కెస్ట్రాను ఆయన నడిపించడం అదే మొదలు. అరవై ఏళ్లు ప్రపంచమంతా తిరిగిన మనిషి పుట్టిన ఊళ్లో, ఆ ఊరి ఆర్కెస్ట్రా ముందు అతిథిగా నిలబడ్డారు! తండ్రి పెట్టిన ఆర్కెస్ట్రా అలాగే నిలిచి ఉంటే ఆయన ఇల్లు విడిచి వెళ్లేవారా అన్న ఆలోచన నన్ను వదలదు.

ఇంకా ఎవరెవరు నడిపించారు?

బిసెన్‌గలియెవ్‌తో పాటు జేన్ దలాల్ మొదటినుంచీ ఉన్నారు. 2019 ఫిబ్రవరిలో ఆర్కెస్ట్రా తొలిసారి బ్రిటన్ పర్యటనకు వెళ్లినప్పుడు మార్టిన్ బ్రాబిన్స్, దలాల్ నడిపించారు. 2023 చివర్లో మళ్లీ వెళ్లినప్పుడు బర్మింగ్‌హామ్‌లో పుట్టిన అల్పేశ్ చౌహాన్.

కచేరీ ఎలా సాగుతుంది?

ముందు ఓబో ఒక స్వరం పడుతుంది, అందరూ దానికి శ్రుతి చూసుకుంటారు. ఆ గందరగోళాన్ని నేను తప్పకుండా వింటాను. కాన్సర్ట్ మాస్టర్, తర్వాత కండక్టర్ వస్తారు. మొదట ఓ చిన్న రచన, తర్వాత ఒంటరి వాద్యకారుడితో కాన్సర్టో, విరామం, ఆ తర్వాత సింఫనీ. అన్నీ కలిపి రెండు గంటలు. ఈ వరస ఎక్కడైనా దాదాపు ఇదే.

మొదటిసారి వెళ్తున్నాను. ఏ రచన ఉంటే బాగుంటుంది?

ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ. 1893లో న్యూయార్క్‌లో మొదటిసారి వాయించారు, ‘న్యూ వరల్డ్’ అన్న పేరుతో ప్రసిద్ధం. నలభై నిమిషాలు. రెండో భాగంలో కోర్ ఆంగ్లే అనే వాద్యం ఒంటరిగా పాడే రాగం విన్నాక బయట రోడ్డు మీద కూడా అదే తిరుగుతుంది. అదే భాగంలో ట్యూబా వాద్యకారుడిని గమనించండి. మొత్తం సింఫనీలో అతనికి ఉన్నవి అక్కడి కొన్ని స్వరాలే. మిగతా సేపంతా ఆ పెద్ద ఇత్తడి వాద్యం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. తాళాలు కొట్టే మనిషి పరిస్థితి ఇంకా ఘోరం. చివరి భాగంలో ఒకే ఒక్క దెబ్బ, అదీ మెల్లగా. అంతసేపు లెక్కపెట్టుకుంటూ కూర్చుని ఆ ఒక్కటీ తప్పితే? ఆ టెన్షన్ తలచుకుంటేనే నాకు చెమటలు పడతాయి. ఆ క్షణంలో కండక్టర్ అటువైపు ఓసారి చూస్తారు, గమనించండి.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

సింఫనీ అంతా అయ్యాక. సాధారణంగా నాలుగు భాగాలుంటాయి, మధ్య మౌనాల్లో కొట్టరు. లెక్క తప్పితే ఒక చిట్కా ఉంది. కండక్టర్ చేతులు పూర్తిగా దించి మనవైపు తిరిగేదాకా ఆగండి. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీతో జాగ్రత్త. మూడో భాగం పండగలా ముగుస్తుంది, హాలంతా చప్పట్లు మోగిపోతాయి. అసలైన ముగింపు నాలుగో భాగంలో, శోకంతో.

ఈ నియమం అంత పాతదేం కాదు. 1813లో బీతోవెన్ ఏడో సింఫనీని మొదటిసారి వాయించినప్పుడు రెండో భాగం కాగానే జనం మళ్లీ వాయించమన్నారు, వాయించారు. మన కచేరీల్లో మంచి సంగతి పడగానే ‘భేష్’ అంటాం. ఆ అలవాటున్నవాళ్లకు ఈ మౌనం నిజంగా శిక్షే.

కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఇది ఎక్కుతుందా?

ఎక్కుతుంది, కానీ వెతికే చోటు మార్చుకోవాలి. గమకం కోసం, మనోధర్మం కోసం చూస్తే నిరాశే. ఇక్కడ ప్రతి స్వరమూ రాసిపెట్టి ఉంటుంది. అందం ఒకేసారి వినిపించే వేర్వేరు స్వరాల్లో, వాటి ఒరిపిడిలో ఉంది. చిన్న పనొకటి చేయండి. పైన వినిపించే రాగాన్ని వదిలేసి కాసేపు డబుల్ బేస్‌లను మాత్రమే వినండి. మొత్తం సౌధం ఎక్కడ నిలబడిందో తెలుస్తుంది.

వయొలిన్ తెలిసినవాళ్లకు మరో సరదా. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరంలో నేర్పిన వాద్యమూ, ఇక్కడ కుర్చీల్లో కూర్చుని వాయించేదీ ఒకటే పెట్టె. శ్రుతి చేసే తీరు వేరు, పట్టే తీరు వేరు, చేతుల నడక వేరు.

మన వాద్యాలతో ఈ ఆర్కెస్ట్రా ఏమైనా చేసిందా?

చేసింది. జాకిర్ హుస్సేన్ చేత తబలా కాన్సర్టో రాయించింది. పేరు ‘పేష్కార్’. 2015లో ఎన్‌సీపీఏలో మొదటిసారి వాయించారు. తబలా ఆయనే, కండక్టర్ జేన్ దలాల్. అప్పటికప్పుడు అల్లుకుపోయే తబలాకూ, కాగితం చూసి వాయించే బృందానికీ మధ్య కండక్టర్ పని ఎంత చిక్కైనదో ఊహించండి. సోలో ఎక్కడ ముగుస్తుందో చెవితో పట్టుకుని, ఆ సమం మీద అందరినీ దించాలి.

ఇళయరాజా సింఫనీ ఈ ఆర్కెస్ట్రాతోనే కదా?

కాదు. ‘వాలియంట్’ను 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. మికెల్ టామ్స్ నడిపించారు.

టికెట్లు, ప్రయాణం సంగతేమిటి?

పెద్ద సీజన్లు సాధారణంగా ఫిబ్రవరి ప్రాంతంలో, సెప్టెంబరు ప్రాంతంలో ఉంటాయి. టికెట్లు ఎన్‌సీపీఏ వెబ్‌సైట్‌లో, బుక్‌మైషోలో దొరుకుతాయి. జంషెడ్ భాభా థియేటర్‌లో సీట్లు 1,109. పేరున్న అతిథి వస్తే త్వరగా అయిపోతాయి. ముందు వరసలకోసం ఎగబడకండి. ధ్వని బాగా కలిసేది వెనక, పైన.

హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దిగుతారు. విశాఖ, విజయవాడ వైపునుంచి కోణార్క్ ఉంది. సీఎస్‌ఎంటీ నుంచి ట్యాక్సీకి పెద్ద దూరం కాదు. సంగీతం మొదలయ్యాక తలుపులు వేసేస్తారు కాబట్టి అరగంట ముందే చేరండి. బట్టలు ఏవైనా ఫరవాలేదు, పెళ్లికి కట్టుకునే చీరలు కనిపిస్తాయి, జీన్స్ కూడా. లోపల ఏసీ గట్టిగా ఉంటుంది. ఖాదీ శాలువా ఒకటి పెట్టుకోండి.

లండన్‌లోనో అమెరికాలోనో ఉన్న మాకు?

మీకు ఇంకా సులువు, పక్కనే పెద్ద ఆర్కెస్ట్రాలున్నాయి. లండన్‌లో ఉంటే వేసవిలో రాయల్ ఆల్బర్ట్ హాల్లో జరిగే బీబీసీ ప్రామ్స్ అనే కచేరీల పండగకు నిలబడి వినే చవక టికెట్లు తీసుకోండి. పలు దేశాల ఆర్కెస్ట్రాలు, అతిథి కండక్టర్లు ఒకే వేసవిలో వినిపిస్తారు.

పిల్లలను తీసుకెళ్లొచ్చా?

వయసు పరిమితి టికెట్ మీద చూసుకోండి. ముందుగా ఇంట్లో ఆ రచనను రెండు మూడు సార్లు వినిపిస్తే తెలిసిన పాట వచ్చినప్పుడు పిల్లలు నిటారుగా కూర్చుంటారు. విరామం దాకా ఉండి ఇంటికొచ్చేసినా నష్టం లేదు.

ఒకే కార్యక్రమం రెండు రోజులుంటే ఏ రోజుకు వెళ్లాలి?

నన్నడిగితే రెండో రోజుకే. మొదటి రాత్రి వాద్యకారులు రిహార్సల్లో అనుకున్నది తప్పకుండా చూసుకుంటారు. రెండో రాత్రికి అతిథి చేతి భాష వాళ్లకు అలవాటవుతుంది, ఆయనకూ హాలు ధ్వని తెలిసిపోతుంది. ముందు అనుకోని చోట ఒక స్వరాన్ని ఇంకో క్షణం పట్టి ఉంచుతారు, అందరూ ఆయనతోనే ఆగుతారు. వీలుంటే రెండు రోజులూ వెళ్లండి, తేడా మీకే వినిపిస్తుంది.